రోడ్డు కుదుపులు, గాలిలో దుమ్ము: రెండింటినీ ఒకే షీటు మీద ఎలా గీయాలి?

రంగుపెన్సిల్ · కర్నూలు

అందరికీ నమస్కారం. నేను ఇక్కడి ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారిని. ఏటా పిల్లలచేత పూలకుండీ, రెండు కొండల మధ్య సూర్యుడు గీయించి విసిగిపోయాను. ఈసారి తొమ్మిదో తరగతి వాళ్లచేత, రోజూ బడికి వచ్చే దారినే గీయించాలని ఉంది. దృశ్యంగా కాదు, కొలతలతో. కొండారెడ్డి బురుజు దగ్గర బయలుదేరి రాజ్‌విహార్, సి.క్యాంపు మీదుగా నంద్యాల చెక్‌పోస్టు చేరేలోపు రోడ్డు ఎక్కడ ఎంత కుదుపుతుంది, గాలిలో దుమ్మూ పొగా ఎక్కడ ఎంత ఉంటాయి, ఈ రెండూ ఒకే షీటు మీద కనిపించాలి.

కుదుపులు కొలవడానికి ఫోను చాలంటున్నారు. గాలికి ఒక మిత్రుడు చిన్న లేజర్ సెన్సర్ అరువిస్తానన్నాడు. నా ప్రశ్న గీయడం గురించి. పట్టణం పటం వేసి గుంతలున్న చోట నల్ల చుక్కలు, దుమ్మున్న చోట గోధుమ రంగు పులమడం ఎవరికైనా తట్టేదే. అలాంటి పటాన్ని ఒకసారి చూసి తల తిప్పుకుంటారు. చూసేవాళ్లను కాసేపు నిలబెట్టే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. ఒక్కటే షరతు, చేత్తోనే గీయాలి.

బెంగళూరు_బస్సు · సొంతూరు ఆదోని

మాస్టారూ, కొలతలన్నీ ఒక ఫైల్లో పెట్టి పంపండి. సాయంత్రానికల్లా కదిలే పటం చేసి ఇస్తాను. గంట మారేకొద్దీ రంగు మారుతుంది, వేలు పెడితే అంకె కనిపిస్తుంది. ఈ రోజుల్లో చేత్తో ఎందుకు?

రంగుపెన్సిల్

మీ సాయం వదులుకోను. కానీ అంతా కంప్యూటరే గీస్తే పిల్లలకు చూడటం ఒక్కటే మిగులుతుంది. ఒక గడిలో ఎన్ని చుక్కలు పెట్టాలో తేల్చుకోవాలంటే ఆ అంకె దగ్గర కాసేపు ఆగాలి కదా. ఆ ఆగడం కోసమే ఇదంతా.

నాపరాయి · కడప

గణాంకశాస్త్రం బోధించేదాన్ని కనుక ముందే అడ్డు చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

రోడ్డూ గాలీ ఒకే జాతి సమాచారం కావు. సోమవారం ఉదయం ఉన్న గుంత శుక్రవారం రాత్రీ అక్కడే ఉంటుంది. పూడ్చేదాకా దానికి ఒక చిరునామా ఉంది. గాలికి చిరునామా కంటే వేళ ముఖ్యం. అదే రాజ్‌విహార్ తెల్లవారుజామున ఒకలా, మధ్యాహ్నం రెండింటికి మరోలా ఉంటుంది. చలికాలంలో ఈ తేడా మరీ ఎక్కువ. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైకి లేవదు. పొగ అక్కడే తిష్ఠ వేస్తుంది. ఎండెక్కాక నేల వేడికి గాలి పైకి లేచి పలచబడుతుంది. మీరు ఉదయం ఏడింటికి బురుజు దగ్గర, మధ్యాహ్నం చెక్‌పోస్టు దగ్గర కొలిచి, రెండింటినీ ఒకే పటంలో పక్కపక్కన పెట్టారనుకోండి. బురుజు మురికి, చెక్‌పోస్టు శుభ్రం అన్న అబద్ధాన్ని రంగులతో చెప్పినట్టవుతుంది. పటం స్థలాన్ని చూపిస్తుంది, వేళను మింగేస్తుంది.

కాబట్టి రంగుల సంగతి తరువాత. ముందు వేళకు కాగితం మీద చోటెక్కడో చెప్పండి.

ఇంకొక మాట. వృత్తాలు వాడతారేమో. దుమ్ము నాలుగు రెట్లయితే వ్యాసార్ధం రెండు రెట్లే పెంచాలి. వ్యాసార్ధాన్నే నాలుగు రెట్లు చేస్తే వైశాల్యం పదహారు రెట్లవుతుంది. 1858లో ఫ్లారెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలను నెలవారీగా రేకుల్లో చూపినప్పుడు వైశాల్యం లెక్కనే గీసింది. అంత జాగ్రత్తగా గీసినా మన కన్ను పొడవులను పోల్చినంత చక్కగా వైశాల్యాలను పోల్చలేదు. వీలైన చోటల్లా పొడవే వాడండి.

ఊరపిచ్చుక · కర్నూలు

ఇంత శ్రమ ఎందుకు? మే నెలలో ఒక తెల్ల కాగితాన్ని పొద్దుటినుంచి సాయంత్రం దాకా బళ్లారి చౌరస్తాలో పట్టుకుని నిలబడండి. గీయకుండానే బొమ్మ తయారు.

గాలిమర · అనంతపురం

పిచ్చుక గారు వెటకారానికి అన్నా అది పనికొచ్చే మాటే. చేతితో నమూనాలు తీసే ప్రభుత్వ కేంద్రాల్లో జరిగేది కూడా దాదాపు అదే. పంపు గాలిని లాగుతుంది, దుమ్ము వడపోత కాగితం మీద నిలుస్తుంది. ముందొకసారి, తరువాత ఒకసారి ఆ కాగితాన్ని తూచి తేడా చూస్తారు. వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 రోజులు, రోజంతా కొలవాలన్నది లెక్క.

బడికి పంపు అక్కర్లేదు. గ్రాఫ్ కాగితం ముక్క మీద పారదర్శకమైన టేపును జిగురు పైకి ఉండేలా బిగించి, నాలుగు చోట్ల ఒకే ఎత్తులో, ఒకే గంటల్లో తగిలించండి. తీసుకొచ్చాక భూతద్దంతో మిల్లీమీటరు గడిలో ఎన్ని రేణువులున్నాయో పిల్లలు లెక్కపెడతారు. ఆ ముక్కలనే చార్టు అంచున అతికించండి. అక్కడ దుమ్మే సిరా.

ఒక హెచ్చరిక కూడా. కంటికి కనిపించే దుమ్ము వేరు, ఊపిరితిత్తుల లోతుకు పోయేది వేరు. పీఎం అంటే గాలిలో తేలే రేణువులు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పీఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. ఎస్‌డీఎస్011, పీఎంఎస్5003 లాంటి చవక సెన్సర్లు రేణువుల మీద లేజర్ కాంతి పడి చెదిరే తీరును బట్టి అంచనా వేస్తాయి. సన్న రేణువుల విషయంలో పరవాలేదు, ముతక మట్టి దుమ్మును మాత్రం సరిగా పట్టుకోలేవు. లారీ ఎర్రటి మట్టి మేఘం లేపుకుంటూ పోతుంటే సెన్సర్ పెద్దగా చలించకపోవచ్చు. సందు చివర చెత్త తగలబెడితే అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. పిల్లలు దాన్ని చూసి "యంత్రం పాడైంది సార్" అంటారు. పాడవలేదు. అది వేరే సంగతి చెబుతోంది. అందుకే సెన్సర్ గీత పక్కన "దుమ్ము" అని రాయకండి, "పీఎం 2.5" అనే రాయండి. మట్టి దుమ్ముకు టేపు ముక్కలు. వాన పడిన రోజూ మంచు పట్టిన ఉదయమూ సెన్సర్ ఎక్కువ చూపిస్తుంది, రేణువులు తేమ పీల్చి ఉబ్బుతాయి కనుక. ఆ రోజులకు గొడుగు గుర్తు వేయండి.

మూడు_చక్రాలు · కర్నూలు

నేను ఆటో నడుపుతాను. సవారీ దొరికేదాకా ఇదంతా చదువుతూ కూర్చున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

దుమ్ము తారు మీద పుట్టదు, అంచున పుడుతుంది. పైపుల కోసం తవ్వి మట్టితో పూడ్చి వదిలిన చోట, పక్కన ఉన్న మట్టి తారు మీదికి ఎక్కిన చోట, టైరు పడితే లేస్తుంది. వానకు అదే చోట బురద, రెండు రోజులు ఎండితే మళ్లీ దుమ్ము. గుంతలో కంకర ఊడిపోయినా అంతే. పొగ లెక్క వేరు. గుంత ముందు అందరూ గేరు తగ్గిస్తారు, దాటగానే ఒక్కసారిగా ఇస్తారు. వెనక బండివాడి ముఖాన పొగ. ఫోను ఏం చెబుతుందో తెలియదు కానీ, ఏ చోట కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుందో నన్నడిగితే కళ్లు మూసుకుని చెబుతాను.

ఊరపిచ్చుక

కళ్లు మాత్రం మూసుకోకండి అన్నా, మీ ఆటోలో నేను కూడా ఎక్కుతుంటాను.

గుంతకల్లు_జంక్షన్ · గుంతకల్లు

రైల్వే కంట్రోల్ ఆఫీసులో పనిచేసి విరమించినవాడిని. వేళకు చోటెక్కడ అని నాపరాయి గారు అడిగారు. దానికి జవాబు మా బల్ల మీద ఎన్నో ఏళ్లుగా ఉంది.

సెక్షన్ అంటే రైలు మార్గంలో ఒక ముక్క, దాని మీద బండ్లను నడిపించేవాడు సెక్షన్ కంట్రోలర్. ఆయన ముందు ఒక పెద్ద చార్టు పరిచి ఉండేది. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్ల పేర్లు, వాటి మధ్య దూరాన్ని బట్టి ఎడం. బండి నడుస్తుంటే అది ఒక ఏటవాలు గీత. బండి ఆగితే కాలం గడుస్తుంది, దూరం మారదు. కనుక గీత అడ్డంగా పాకుతుంది. వేగం పెరిగితే నిటారుగా లేస్తుంది. ఎదురు బండి గీత పైనుంచి దిగుతుంది, రెండూ కోసుకునే చోట క్రాసింగ్. ఒక్క చూపులో సెక్షనంతా కళ్ల ముందుండేది. ఇప్పుడు కంప్యూటర్ గీస్తోంది, మేము పెన్సిలూ స్కేలుతో గీసేవాళ్లం. పందొమ్మిదో శతాబ్దంలోనే ఫ్రాన్సులో పారిస్, లియాన్ మధ్య నడిచే రైళ్లకు ఇలాంటి చార్టు ఉంది. మారే అనే శరీరధర్మ శాస్త్రవేత్త దాన్ని తన రచనలో చేర్చడంతో లోకానికి తెలిసింది.

మాస్టారూ, మీకు నాలుగే స్టేషన్లు. బురుజు అడుగున, చెక్‌పోస్టు పైన. అడ్డంగా గంటలు. ఆటో వేసే ప్రతి ట్రిప్పూ ఒక గీత. రోడ్డు బాగాలేని చోట బండి నెమ్మదిస్తుంది, గీత వాలుతుంది. గుంతను మీరు గీయనక్కర్లేదు, ట్రిప్పే గీస్తుంది.

నాపరాయి

పెద్దాయనా, నమస్కారం. నేను క్లాసులో వారాల తరబడి చెప్పేది మీరు ఒక్క చార్టులో చెప్పారు.

అయినా ప్రశ్న అడగక తప్పదు. బండి నెమ్మదించడానికి గుంత ఒక్కటే కారణమా? సిగ్నల్ ఉంటుంది, రద్దీ ఉంటుంది, సవారీ ఎక్కడం దిగడం ఉంటుంది. గీత వాలిన ప్రతిచోటా రోడ్డు చెడిందంటే ఒప్పుకోను.

గుంతకల్లు_జంక్షన్

అమ్మా, అది కూడా చార్టులోనే ఉంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేసిన గీతలన్నీ ఒకే ఎత్తులో వాలుతున్నాయా? అయితే తప్పు రోడ్డుది, లేదా అక్కడి సిగ్నల్‌ది. బడి వేళకే వాలి, మధ్యాహ్నం నిటారుగా పోతోందా? అయితే రద్దీ. మా సెక్షన్లోనూ ప్రతి బండీ ఒకే కిలోమీటరు రాయి దగ్గర నిమిషాలు పోగొట్టుకుంటుంటే అక్కడ పట్టాలో కట్టో చూడమని ఇంజినీరింగు వాళ్లకు చెప్పేవాళ్లం. సిగ్నల్ ఉన్న ఎత్తులో ముందే ఒక సన్న గీత గీసి ఉంచితే ఆ అనుమానమూ తీరుతుంది.

బెంగళూరు_బస్సు

చేత్తో ఎందుకన్న మాట వెనక్కి తీసుకోను కానీ, ఈ చార్టు నాకు పిచ్చి పట్టించింది. మధ్యాహ్నం భోజనం వేళ గళ్ల కాగితం తీసుకుని నేనూ గీస్తూ కూర్చున్నాను.

గాలిని గీత మందంతో చూపిస్తే? 1869లో మినార్ అనే ఫ్రెంచి ఇంజినీరు నెపోలియన్ రష్యా దండయాత్రను ఇలాగే గీశాడు. బయలుదేరినప్పుడు 4,22,000 మంది, తిరిగి వచ్చినప్పుడు 10,000 మంది. పట్టీ మందం సైన్యం సంఖ్యను చూపుతుంది. అడుగున విడిగా చలి ఎంతో ఒక గీత, అదీ తిరుగు ప్రయాణానికి మాత్రమే. మనం ఘనపు మీటరు గాలిలో సెన్సర్ చూపిన ప్రతి 20 మైక్రోగ్రాముల పీఎం 2.5కు ఒక మిల్లీమీటరు అనుకుందాం. 60 ఉంటే 3 మిల్లీమీటర్లు, 200 ఉంటే సెంటీమీటరు. ఆటో ఏ వేళ ఎక్కడుందో గీత చెబుతుంది, అప్పుడక్కడ గాలి ఎలా ఉందో మందం చెబుతుంది. కుదుపులు గీత మీదే చిన్న ముళ్లుగా వేయొచ్చు.

ఒక లెక్క మాత్రం సరిచూసుకోవాలి. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా 15 గంటల్ని 60 సెంటీమీటర్లలో ఇరికిస్తే గంటకు 4 సెంటీమీటర్లు, నిమిషానికి మిల్లీమీటరు కూడా రాదు. అరగంట ప్రయాణం 2 సెంటీమీటర్ల వెడల్పులో అయిపోతుంది. గీత స్తంభంలా నిలబడుతుంది, ఏ వంపూ కంటికి ఆనదు.

గుంతకల్లు_జంక్షన్

నిజమే బాబూ. మా సెక్షన్ వందల కిలోమీటర్లది, మీది నాలుగైదు. వేళను ముక్కలు చేయండి. బడి వేళ రెండు గంటలకు ఒక షీటు, నిమిషానికి 5 మిల్లీమీటర్లు. 120 నిమిషాలకు 60 సెంటీమీటర్లు. 22 అంగుళాలు, 30 అంగుళాల డ్రాయింగ్ షీటును అడ్డంగా పెడితే అంచులు వదిలినా సరిపోతుంది. మధ్యాహ్నానికి ఇంకో షీటు, సాయంత్రానికి మరొకటి. మూడూ ఒకే గోడకు వరసగా. నిలువున మాత్రం మూడింటిలోనూ బురుజు, రాజ్‌విహార్ ఒకే ఎత్తులో రావాలి. లేకపోతే పోల్చడం కుదరదు.

పాత_టౌను · కర్నూలు

మీ చార్టులు బాగున్నాయి కానీ వాటిని చదవాలంటే ముందు క్లాసు చెప్పించుకోవాలేమో! మా వీధిలో అందరికీ వచ్చిన పద్ధతి ఒకటుంది, చుక్కల ముగ్గు. వరుసకో చోటు, నిలువుకో గంట. ముందు అన్ని చుక్కలూ పెట్టేయండి. గాలి కొలిచిన చోట చుక్క చుట్టూ సున్నా చుట్టండి, గాలి ఎంత చెడ్డదైతే అన్ని చుట్లు. పిల్లలు బడి ఆవరణలోనే వేయొచ్చు.

నాపరాయి

అక్కా, ముగ్గు అందం దాని సౌష్ఠవంలో ఉంది. ఎడమ పక్క ఏముంటే కుడి పక్కా అదే. కొలతలకు సౌష్ఠవం ఉండదు. చుట్లు కుదరక పిల్లలు ముగ్గు అందం కోసం ఒక చుట్టు ఎక్కువ వేస్తారని నా భయం.

పాత_టౌను

వంకర ముగ్గు వేసి అత్తగారిచేత మాట పడనివాళ్లు ఎవరున్నారు మేడమ్! కుదరకపోతే కుదరనివ్వండి. ఎక్కడ కుదరలేదో అక్కడే కదా మీరు చూడమంటున్నది. ఇంకో సంగతి గమనించారా? కొలవని చోట చుక్క ఒంటరిగా మిగులుతుంది. తెల్లగా వదిలేస్తే ఆ చోటు బాగుందనుకుంటారు. చుక్క ఉండి సున్నా లేకపోతే ఎవరూ కొలవలేదని తెలుస్తుంది.

నాపరాయి

ఈ మాటకు మాత్రం ఒప్పుకున్నాను. చార్టుల్లో అతి పెద్ద మోసం ఖాళీ దగ్గరే జరుగుతుంది. 2012లో అమెరికాలోని బోస్టన్ నగరంలో స్ట్రీట్ బంప్ అనే యాప్ విడుదల చేశారు. కార్లలో ఉన్న ఫోన్లు కుదుపును పట్టి గుంతల సమాచారం పంపేవి. స్మార్ట్ ఫోన్లూ కార్లూ ఎక్కువున్న పేటల నుంచే ఎక్కువ కబురు వస్తుందని, పేదల వీధులు, ముసలివాళ్లుండే వీధులు లెక్కలోకి రావని అప్పట్లోనే విమర్శ వచ్చింది. మన పాత పట్టణం సందుల్లో ఆటో పట్టదు. అక్కడ గీత ఉండదు. గీత లేదంటే గుంత లేదని కాదు.

ముగ్గును మూడు షీట్లకు బదులుగా కాకుండా నాలుగోదిగా పెట్టండి. రైలు చార్టు ఒక్క రోజు కథ. ముగ్గు వారం రోజుల సగటుకు సరిపోతుంది.

ఊరపిచ్చుక

ముగ్గు పిండితో వేసేటప్పుడు సెన్సర్ దగ్గర పెట్టకండి. ఆ గంట కర్నూలు చరిత్రలోనే అత్యంత కలుషితమైన గంటగా నమోదవుతుంది.

రంగుపెన్సిల్

నవ్వుతూనే అన్నీ రాసుకుంటున్నాను. రంగుల సంగతి ఇంకా తేలలేదు. గాలి నాణ్యత సూచీకి ప్రభుత్వం నిర్ణయించిన రంగులు ఉన్నాయి కదా, ముదురు ఆకుపచ్చ నుంచి ముదురు ఎరుపు దాకా. గీతకు అవే వేయించమంటారా?

గాలిమర

వద్దండి. ఆ సూచీలో ఆరు తరగతులు: 50 దాకా మంచిది, 100 దాకా సంతృప్తికరం, 200 దాకా మధ్యస్థం, ఆ తరువాత 300, 400, 500 దాకా ముదురుతూ పోతుంది. దాన్ని లెక్కగట్టాలంటే కనీసం మూడు కాలుష్యాల కొలతలుండాలి, వాటిలో పీఎం 2.5 గానీ పీఎం 10 గానీ తప్పనిసరి. రేణువులకైతే 24 గంటల సగటు తీసుకుంటారు. మీ ఆటో సి.క్యాంపు దగ్గర ఒక నిమిషం చూసిన అంకెకు ఆ రంగు పూస్తే, లేని అధికారం దానికి అంటగట్టినట్టవుతుంది. ఎవరైనా ఫోటో తీసి "కర్నూలు గాలి ప్రమాద స్థాయిలో" అని పంచేస్తారు.

మందం చాలు. పోల్చుకోవడానికి చార్టు మూల రెండు కొలబద్దలు గీయండి. మన దేశపు ప్రమాణంలో పీఎం 2.5 రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు, మీ కొలతలో 3 మిల్లీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15, అంటే ముప్పావు మిల్లీమీటరు. ఇవి రోజు సగటుకు పెట్టిన హద్దులని పక్కనే రాయించండి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి, ఆ మాట కూడా ఒక మూల ఉండనివ్వండి.

నాపరాయి

రంగులు వద్దనడానికి ఇంకో కారణం, జిరాక్సు. మీ చార్టు ఎవరికైనా నచ్చితే జిరాక్సు తీయించి పంచుతారు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ బూడిద రంగే అవుతాయి. ఆ రెండు రంగుల తేడా కనిపించని పిల్లలు మీ తరగతిలోనూ ఉండవచ్చు. ఒక్క రంగు చాలు.

గాలిమర

సూచిక గడిలో వేయడానికి ఒక బొమ్మ చెబుతాను. వెయ్యి రెట్లు పెంచి గీయించండి. 2.5 మైక్రాన్ల రేణువు 2.5 మిల్లీమీటర్ల చుక్క అవుతుంది. 10 మైక్రాన్లది సెంటీమీటరు వెడల్పు వృత్తం. తల వెంట్రుకను 70 మైక్రాన్లు అనుకుంటే 7 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ. వెంట్రుకను షీటు పైనుంచి కింది దాకా సాగనిచ్చి, పక్కన ఆ చుక్క పెట్టించండి. పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

ఇంకా చోటుంటే పై అంచున గంటకో బాణం, గాలి ఎటునుంచి వీస్తోందో. మా అనంతపురంలో ఈ చార్టు వేస్తే నేను మొదట గీసేది ఆ బాణమే. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఊపు ముందు మిగతా లెక్కలు నిలవవు. సన్న పొగను అది తరిమేస్తుంది, పొలాల మట్టిని మాత్రం మోసుకొస్తుంది.

మూడు_చక్రాలు

నాకొక సందేహం. గీత మీదే ముళ్లు, గీతకే మందం, గీతకే వంపు అంటున్నారు. నేను చూస్తే ఏది దేనికో తెలియదు. నాకు కావలసింది ఏ చోట గుంత ఉంది, అంతే.

రంగుపెన్సిల్

అన్నా, మీ మాటతోనే దారి దొరికింది. గుంతకు చిరునామా ఉంది, గాలికి వేళ ఉందని మేడమ్ మొదటే చెప్పారు కదా. కదలని దాన్ని అంచుకు పంపిద్దాం. స్టేషన్ల పేర్లున్న ఎడమ అంచున నిలువుగా రోడ్డు పట్టీ, దాని మీద కుదుపు ముళ్లు. ముల్లు పొడవే కుదుపు. లోపలి మైదానమంతా వేళతో మారే వాటికి. గీతకు వంపు, మందం మాత్రమే. ఎడమ అంచున పొడవాటి ముల్లు ఉన్న ఎత్తులో లోపలి గీతలు కూడా వాలుతున్నాయేమో పిల్లలే స్కేలు పెట్టి చూసుకుంటారు.

గుంతకల్లు_జంక్షన్

కుడి అంచు కూడా ఖాళీగా ఉంచకండి. పోయేటప్పుడు రోడ్డుకు ఎడమ పక్క నడుస్తారు, వచ్చేటప్పుడు అవతలి పక్క. రెండు పక్కలూ ఒకే రోడ్డు కావు. పోయే దారి పట్టీ ఎడమ అంచున, వచ్చే దారి పట్టీ కుడి అంచున. లేచే గీతలు ఎడమ పట్టీతో, దిగే గీతలు కుడి పట్టీతో పోల్చండి.

బెంగళూరు_బస్సు

అంచు పట్టీకి అంకెలు నేను తీసి పెడతాను. ఫోను సెకనుకు వంద సార్లు నమోదు చేసేలా పెట్టండి. ఆటో గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 5 మీటర్లు, అంటే 5 సెంటీమీటర్లకు ఒక నమోదు. జీపీఎస్ మాత్రం కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది కనుక అంత సూక్ష్మంగా గీయడం అబద్ధమే. 50 మీటర్లకు ఒక ముల్లు చాలు. ఫోను కొలిచేది త్వరణాన్ని, అంటే వేగం ఎంత త్వరగా మారుతోందో. కదలకుండా పడుకుని ఉన్నా నిలువు దిశలో అది 9.8 చూపిస్తుంది, అది భూమ్యాకర్షణ. దానినుంచి ఎంత చెదిరిందో అదే మన కుదుపు.

నాపరాయి

పట్టీ మీద "రోడ్డు నాణ్యత" అనో, అంతర్జాతీయ గరుకుదనం సూచీ అనో రాయకండి. ఆ సూచీకి 1982లో బ్రెజిల్‌లో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో జరిగిన ప్రయోగాలు మూలం. దాన్ని కిలోమీటరుకు ఇన్ని మీటర్లని చెబుతారు. మన దేశంలో రోడ్డు ఇంజినీర్లు బంప్ ఇంటిగ్రేటర్ అనే ఒంటి చక్రపు బండిని జీపు వెనక కట్టి, గంటకు 32 కిలోమీటర్ల వేగం తప్పకుండా లాగి కొలుస్తారు. వేగం మారితే కుదుపు మారుతుంది కనుకే అంత పట్టింపు. ఆటోలో ఫోను చూపేది ఆ ఆటో కుదుపు. "ఈ ఆటోలో, ఈ వేగంతో" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

మూడు_చక్రాలు

మేడమ్ చెప్పింది నిజం. ఇంకోటి, ఆటోకు ముందు చక్రం మధ్యలో ఉంటుంది. కారు రెండు చక్రాల మధ్య వదిలేసి పోయే గుంతలో నా ముందు చక్రం పడుతుంది. అలాగే కారు పడే గుంత పక్కనుంచి నేను తప్పించుకుంటాను. తెలిసిన దారి కనుక చెయ్యి దానంతట అదే తిరుగుతుంది. తిప్పకుండా తిన్నగా నడపాలంటే కష్టమే, కానీ ప్రయత్నిస్తాను.

పాత_టౌను

చెత్త తగలబెట్టే చోట గీత ఉబ్బుతుందన్నారు కదా. అక్కడ ఏ దుకాణం ఉందో కూడా చార్టు మీద రాయించండి మాస్టారూ. సిగ్గుపడి మానేస్తారు.

నిర్వాహకుడు

దుకాణాల పేర్లు, ఇంటి నంబర్లు వద్దండి, ఇక్కడా వద్దు, చార్టు మీదా వద్దు. గీత ఉబ్బిన ఎత్తు చూస్తే ఆ వీధివాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది. సెన్సర్ ఎక్కడ కొనాలి, ధర ఎంత అన్న ప్రశ్నలను వేరే చర్చకు మారుస్తున్నాను.

రంగుపెన్సిల్

పేర్లు వేయించను. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక మొదటి ట్రిప్పు అనుకుంటున్నాను. ఫోను సీటు మీద పెడితే మెత్త కుదుపును మింగుతుందట, కింద నేల రేకుకే టేపు వేసి బిగిస్తాం. సెన్సర్ పక్క కడ్డీకి, పొగ గొట్టానికి దూరంగా. మూడు_చక్రాలు అన్నా, మీకు వీలవుతుందా? కిరాయి మీటరు ప్రకారం ఇస్తాను.

మూడు_చక్రాలు

కిరాయి మాట తరువాత చూద్దాం సార్, మా పాప కూడా తొమ్మిదే, వేరే బడిలో. వచ్చే ముందు మూడు టైర్లలో గాలి సరిచూసుకుని వస్తాను. పిల్లల్ని మాత్రం ఇద్దరినే తీసుకురండి. ప్రతి ట్రిప్పుకూ ఆ ఇద్దరే ఉండాలి. మధ్యలో ఒకడు దిగి ఇంకొకడు ఎక్కితే బరువు మారిందని నాపరాయి మేడమ్ ఆ గీతను ఒప్పుకోరు.

నాపరాయి

ఒప్పుకోను. సరిగ్గా పట్టుకున్నారు.